పోశెట్టి జమానా

రువైస్ క్యాంపుల పదిహేడో నంబరు రూము.
ఆరు మంచాలు, ఒక టీవీ.
సెలవు ముందటి రాత్రి, చాయ మరుగుతుండంగ
మళ్లా అదే కొట్లాట:
ముప్పై ఏండ్లకెళ్లి నడుస్తున్న 'ఆఖరి కక్ష్య'ల
ఏ కెప్టెన్ జమానా గొప్పది?

మెస్సుల వంటజేసే ఏసుపాదం, రాజోలాయన,
గరిటె దించకుండనే తీర్పు చెప్పిండు:
"రెండో కెప్టెనమ్మేనండి.
ఆవిడొచ్చాకే కదా ఓడలో జనం అన్నం తిన్నారు.
అంతకుముందు పదేళ్లు
ఒక్కడైనా ఆకలన్నాడా, చెప్పండి?"

మస్తాన్‌వలీది కడప పక్క. లేబర్ బస్సు తోల్తడు.
"మూడో ఆయప్పే మొగోడు.
ఉల్కల నడిమధ్య ఓడను రివర్సు తీసినాడు సామీ,
అద్దం గూడా చూడల్యా.
స్టీరింగు పట్టినోనికే తెలుస్తాది అది."

నేను ఎటూ మాట్లాడలే. నాది స్కాఫోల్డింగు పని.
అంతెత్తుల, కింద ఏ ఆధారం లేకుంట నిలవడేటోళ్లను
ఏ జమానాల గూడ నేను నమ్మ.

శ్రావణ్ నిరుడే వచ్చిండు, మీసం సరిగ రాలే.
"ఇప్పటిదే బెస్టు. పాతదాంట్ల
ఓడను వేలాడదీసిన దారం కనవడ్తది," అని నవ్విండు.

గోళ్లు తీసుకుంటున్న పోశెట్టి తలెత్తలే.
"దారం కనవడ్డా ఓడ ఎగిరిందా లేదారా?"

ఆ పిలగానికి తెల్వదు.
నేనొచ్చిన కొత్తల ఈ రూముల పదకొండు మందిమి.
టీవీల మాటలు ఇంగ్లీషు, కింద రాతలు అరబ్బీ,
మేమంత మెట్‌పల్లి, కోరుట్ల,
మస్తాన్‌వలీ ఒక్కడే పరదేశి.
భీవండి మగ్గాల మీద ఏడేండ్లు చేసిండు గనుక
పోశెట్టికి అన్ని భాషలొస్తయని మా నమ్మకం.
ఆయన గూడ రావని అనలే.
తెర పక్కన బకెటు బోర్లేసి కూసోని
కథ చెప్పెటోడు.

మెడకు గొట్టాలున్న పచ్చమనిషి పాస్‌పోర్టు
ఏదో గ్రహం మీద కఫీలు గుంజుకున్నడట.
అందుకే వాడు ఓడ దిగడు.
ఇనుప పిల్ల ఎందుకు నవ్వదంటే
నవ్వినంతసేపు ఓవర్‌టైం కోస్తరట.
కెప్టెన్ కిటికీకాడ నిలవడి చుక్కల్ని చూస్తుంటే
"ఇంటికాడ బోరు పడ్డదో లేదో అనుకుంటుండు" అన్నడు పోశెట్టి.
మేం ఎవ్వలం నవ్వలే.
పచ్చమనిషి సచ్చిన రాత్రి,
పెట్టె వానూరికి చేరనీకి నలభై రోజులు పట్టిందని చెప్పిండు.
తెల్లారి సైటు మీద ఎవలం ఎవలితోని మాట్లాడలే.

మొన్న శ్రావణ్, మొదటి భాగాలు హిందీల దొరికినయని పెట్టిండు.
హిందీ ఇప్పుడు అందరికి వస్తది.
పచ్చమనిషి గూఢచారి.
సావలే, నక్శ ఎత్తుకోని పారిపోయిండు.
ఇనుప పిల్ల ఏదో రాణి బిడ్డ, అలిగింది, అంతే.
కెప్టెన్ కిటికీకాడ చూసేది
అమ్ముకునే రాయి ఏ చుక్కల ఉన్నదా అని.

ఏసీ చప్పుడు ఒక్కటే ఇనవడ్డది.
రిఫైనరీ మంట కిటికీ అద్దం మీద ఊగుతుంటే
పోశెట్టి గోళ్లన్ని కాయితంల చుట్టి, మెల్లగ అన్నడు:
"డబ్బింగోళ్లు తప్పు చెప్తున్నరు."

ఇయ్యాల కొట్లాట తెగకపోతే
శ్రావణే లేచి సౌండు తీసేసిండు.
"నువ్వు చెప్పు కాకా."

పోశెట్టి గొంతు సవరించుకున్నడు.
పచ్చమనిషి పాస్‌పోర్టు ఈసారి
కఫీలుకాడ గాదు, సముద్రంల పడ్డదట.
"ఊరుకో పోశన్నా," మస్తాన్‌వలీ గయ్యిమన్నడు,
"అప్పుడు ఇట్లా చెప్పల్యా నువ్వు.
నీ పాత కథే కథ. ఇది కల్తీ."
"కాదండి, ఇదే బాగుంది," ఏసుపాదం.

చాయ పొంగి స్టవ్వు మీద పడ్డది.
ఎవలు చూడలే.